శిక్షకు ముందు సంజాయిషీ, ఉత్తర్వు తర్వాత అప్పీలు: లైసెన్సుదారుల హక్కు

(మా వాణిజ్య విలేఖరి)

కామారెడ్డి: సీజను వచ్చిందంటే గంజ్‌లో అందరి చూపూ ధర మీదే. వడ్లు ఏ భావం పలికాయి, మక్కలకు గిరాకీ ఎలా ఉంది, సోయాకు తేమ ఎంత కోశారు అన్నవే అడ్తి కొట్ల ముందు వినిపించే మాటలు. అయితే కామారెడ్డి, ఎల్లారెడ్డి వర్తకుల నోట ధరలతో పాటు మరో మాట కూడా తరచు వినవస్తోంది. అది నోటీసు. ఎవరికి వచ్చింది, ఏ శాఖ నుంచి వచ్చింది, ఎవరిని పట్టుకుంటే పని జరుగుతుంది అని ఒకరినొకరు వాకబు చేసుకుంటున్నారు. నోటీసులో ఏమున్నది, దానికి జవాబు ఏమిటి అని అడిగేవారు మాత్రం తక్కువ.

ఎల్లారెడ్డి అడ్తిదారు ఒకరు ఈ విలేఖరికి ఒక కాగితం చూపించారు. నిబంధనలు ఉల్లంఘించినందున లైసెన్సు తాత్కాలికంగా నిలిపివేయడమైనదని అందులో రెండు ముక్కలు రాసి ఉన్నాయి. ఏ నిబంధన, ఏ రోజు, ఏ లావాదేవీలో ఉల్లంఘన జరిగిందో లేదు. ఎన్నాళ్లు నిలిపివేశారో లేదు. అభ్యంతరం ఉంటే ఎవరికి చెప్పుకోవాలో అసలే లేదు. "తప్పు చేస్తే జరిమానా కడతాను సార్, ఆ తప్పు ఏమిటో చెప్పమనండి" అన్నారాయన. ఆ మాటలో పొగరు లేదు, బెదురే ఉంది. కొట్టు మూతపడితే నష్టపోయేది ఆయన ఒక్కరే కాదు. బాకీలు వసూలు కావు గనుక తక్‌పట్టీ చేత పట్టుకొని వచ్చిన రైతుకు డబ్బు ఆలస్యమవుతుంది. హమాలీలకు, దడ్వాయిలకు, గుమాస్తాలకు ఆ రోజుల కూలి పోతుంది.

కనుక ఇది కేవలం వర్తకుల గోడు అని కొట్టిపారవేయరాదు. తప్పు చేసినవారిని శిక్షించవద్దని ఎవరూ అనడం లేదు. శిక్షించే ముందు వినాలి, విన్న తర్వాత కారణం చెప్పి ఉత్తర్వు ఇవ్వాలి, ఆ ఉత్తర్వుపై పై అధికారికి చెప్పుకునే దారి చూపాలి. అడుగుతున్నది ఇంతే. ఇదంతా చట్టంలో ఇప్పటికే ఉన్నది. వాడుకలో లేకపోవడమే చిక్కు.

లైసెన్సు దయాధర్మం కాదు

లైసెన్సు ఇచ్చినది ప్రభుత్వం గనుక తీసివేసే అధికారం కూడా దానికే ఉంటుంది, అడగడానికి మనమెవరం అన్న భావం పాత వర్తకులలో బలంగా నాటుకుపోయింది. ఇది సరికాదని న్యాయస్థానాలు ఎన్నడో తేల్చాయి. తెలుగు వారికి ఈ పాఠం మొదట బస్సుల వ్యాపారం నుంచి వచ్చింది. కృష్ణా జిల్లాలో ప్రైవేటు బస్సు రూట్లను జాతీయం చేసే పథకంపై ఆపరేటర్లు అభ్యంతరాలు చెప్పుకున్నారు. వాటిని విన్నది రవాణా శాఖ కార్యదర్శి, నిర్ణయం చేసినది ముఖ్యమంత్రి. గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసుగా పేరుపడిన ఈ వివాదంలో సుప్రీంకోర్టు 1958లో ఆ ఉత్తర్వును కొట్టివేసింది. ఒకరు విని మరొకరు తీర్పు చెబితే ఆ విచారణ ఉత్త తంతు అవుతుందన్నది దాని సారాంశం. మన కార్యాలయాలలో గుమాస్తా జవాబు తీసుకొని, పై అధికారి చూడకుండానే సంతకం చేసే పద్ధతికి ఇది నేటికీ సరిపోయే మాట.

సంజాయిషీ నోటీసు ఎలా ఉండాలన్నది 2010లో ఓరిక్స్ ఫిషరీస్ కేసులో తేలింది. సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ రిజిస్ట్రేషనును ఎగుమతుల అభివృద్ధి సంస్థ రద్దు చేసింది. అయితే తప్పు రుజువైనదని నోటీసులోనే రాసివేశారు. ముందే నిర్ణయానికి వచ్చి సంజాయిషీ అడగడం అడగడమే కాదని సుప్రీంకోర్టు ఆ చర్యను రద్దు చేసింది. 2020లో ఆహార సంస్థ, అంటే ఎఫ్.సి.ఐ., ఒక కాంట్రాక్టరును బ్లాక్‌లిస్టులో పెట్టిన వ్యవహారంలోనూ ఇటువంటి తీర్పే వచ్చింది. బ్లాక్‌లిస్టు చేయదలిస్తే ఆ సంగతి నోటీసులో స్పష్టంగా చెప్పాలి, వేరే సంగతి అడిగి చివరకు బ్లాక్‌లిస్టు చేయరాదు అని కోర్టు చెప్పింది. కస్టమ్ మిల్లింగ్ బియ్యం బాకీల విషయమై నోటీసులు అందుకునే మిల్లర్లు ఈ తీర్పును గుర్తుంచుకోవడం మంచిది.

మన హైకోర్టు పాత్ర కూడా ఇందులో ఉన్నది. బాకీదారు ఖాతాను మోసపు ఖాతాగా ప్రకటించే ముందు అతని మాట వినాలని తెలంగాణ హైకోర్టు 2020లో చెప్పిన తీర్పును 2023 మార్చిలో సుప్రీంకోర్టు సమర్థించింది. రిజర్వు బ్యాంకు ఆదేశాలలో విచారణ మాట రాసి లేకపోయినా, ఉన్నట్లే భావించాలని పేర్కొన్నది. రాతలో లేదు గనుక వినం అన్న సమాధానం దీనితో చెల్లనిదయింది.

ఏ చట్టంలో ఎన్ని రోజులు

కామారెడ్డిలో ఒక మధ్యతరగతి వర్తకుని కొట్టులో గోడకు నాలుగైదు లైసెన్సులు ఫ్రేము కట్టి వేలాడుతుంటాయి. 1966 మార్కెట్ల చట్టం కింద అడ్తి లేక ఖరీదు లైసెన్సు, జి.ఎస్.టి. రిజిస్ట్రేషను, ఆహార భద్రత లైసెన్సు, ఎరువులు, విత్తనాలు అమ్మితే వాటివి. ఒక్కొక్క దానికి అప్పీలు గడువు ఒక్కొక్క తీరు. ఈ లెక్క తెలియకనే సగం కేసులు చేజారుతున్నాయి.

నిత్యావసర వస్తువుల చట్టం, 1955 సంగతి చూద్దాం. జప్తు చేసిన సరుకును ప్రభుత్వపరం చేసే అధికారం 6-ఏ సెక్షను కింద కలెక్టరుకు ఉన్నది. అయితే కారణాలు తెలుపుతూ లిఖితపూర్వక నోటీసు, జవాబు ఇచ్చుకునేందుకు తగినంత వ్యవధి, స్వయంగా చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా అటువంటి ఉత్తర్వు చేయరాదని 6-బి సెక్షను చెబుతున్నది. ఉత్తర్వు అందిన నెల రోజులలో జ్యుడీషియల్ అథారిటీకి అప్పీలు చేసుకోవచ్చునని 6-సి సెక్షను. మన వద్ద అది సెషన్స్ జడ్జి. నోటీసులో చిన్న లోపం ఉన్నంత మాత్రాన ఉత్తర్వు చెల్లకుండా పోదని కూడా అదే చట్టంలో ఉన్నది గనుక, అక్షర దోషాలు పట్టుకొని గెలుస్తామనుకోరాదు.

జి.ఎస్.టి.లో రిజిస్ట్రేషను రద్దు నోటీసు వస్తే ఏడు పని దినాలలో జవాబు ఇవ్వాలి. విచారణ అవకాశం ఇవ్వకుండా రద్దు చేయరాదన్న నియమం 29వ సెక్షనులోనే ఉన్నది. రద్దయితే తిరిగి పునరుద్ధరణ కోరేందుకు గడువును 2023 అక్టోబరు నుంచి 90 రోజులకు పెంచారు. పన్ను, జరిమానా ఉత్తర్వులపై అప్పీలుకు మూడు నెలలు, తగిన కారణం చూపితే మరొక నెల. అప్పీలుకు ముందు వివాదంలో ఉన్న పన్నులో 10 శాతం చెల్లించాలి. ఆ మేరకు చెల్లిస్తే మిగతా వసూలు ఆగుతుంది. ప్రతికూలంగా ఉత్తర్వు చేయదలచినప్పుడు వర్తకుడు కోరకపోయినా విచారణ అవకాశం ఇవ్వాలని 75వ సెక్షను నాలుగవ ఉపవిభాగం చెబుతున్నది. చాలా మంది ఈ హక్కును ఫారంలో "వద్దు" అని టిక్కు పెట్టి పోగొట్టుకుంటున్నారు.

విత్తనాల నియంత్రణ ఉత్తర్వు, 1983 కింద అప్పీలుకు 60 రోజులు. ఆహార భద్రత చట్టం, 2006 కింద మొదట లోపాలు సరిదిద్దుకొమ్మని నోటీసు ఇవ్వాలి, దానికి 14 రోజులకు తక్కువ కాని వ్యవధి ఉండాలి. ఆ తర్వాతే సస్పెన్షను, ఆపైన సంజాయిషీ అడిగి రద్దు. కాని అధికారి నిర్ణయంపై ఆహార భద్రత కమిషనరుకు అప్పీలు చేసేందుకు వ్యవధి 15 రోజులే. కమిషనరు ఉండేది హైదరాబాదులో. ఎల్లారెడ్డి కిరాణా వర్తకునికి కాగితం అందేసరికే అందులో కొన్ని రోజులు గడిచిపోతాయి.

వీటన్నిటిలో న్యాయంగా కనిపించేది ఎరువుల నియంత్రణ ఉత్తర్వు, 1985. అధికారి నోటీసు లేకుండానే తాత్కాలికంగా లైసెన్సు నిలిపివేయవచ్చు. కాని ఆరోపణ వివరాలు వెంటనే ఇవ్వాలి. విచారణ జరిపి 15 రోజులలో తుది ఉత్తర్వు చేయాలి. చేయకపోతే సస్పెన్షను దానంతట అదే రద్దయినట్లు లెక్క. తొందరగా చర్య తీసుకునే అధికారం ప్రభుత్వానికి దక్కింది, నిరవధికంగా కొట్టు మూయించే అవకాశం ఎవరికీ లేకుండా పోయింది. యూరియా అమ్మేవానికి ఉన్న ఈ న్యాయం వడ్లు కొనేవానికి ఎందుకు ఉండరాదు?

గెలిచేసరికి సరుకు ఉంటుందా?

వర్తకంలో కాలమే పెట్టుబడి. ఏడాది తర్వాత వచ్చిన న్యాయం చేతికి అందేది ఖాళీ గోనెసంచులతోనే. ఇందుకు ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఎన్. నాగేంద్రరావు అండ్ కంపెనీ కేసును మించిన నిదర్శనం లేదు. ఎరువులు, ఆహార ధాన్యాల వ్యాపారానికి లైసెన్సు ఉన్న ఆ సంస్థలో 1975 ఆగస్టులో విజిలెన్సు పోలీసులు పెద్ద ఎత్తున సరుకు జప్తు చేశారు. విచారణలో తీవ్రమైన ఆరోపణలు నిలువలేదు, ఖాతాల నిర్వహణలో లోపాలు మాత్రం తేలాయి. కొంత భాగం పోను మిగిలిన సరుకు తిరిగి ఇవ్వమన్నారు. తీరా తీసుకోబోతే ఎరువులు నాణ్యత చెడి, పరిమాణం తరిగి ఉన్నాయి. నష్టపరిహారానికి దావా వేస్తే కింది కోర్టు ఇచ్చింది, హైకోర్టు కాదన్నది. చివరకు 1994లో సుప్రీంకోర్టు, అధికారుల అశ్రద్ధ వల్ల పాడయిన సరుకుకు ప్రభుత్వం బాధ్యత వహించవలసిందేనని తీర్పు చెప్పింది. గెలుపు గొప్పదే. కాని మధ్యన గడిచినవి 19 సంవత్సరాలు.

కామారెడ్డివారికి ఈ బాధ బెల్లం రూపంలో తెలుసు. ఒకనాడు బెల్లానికి పేరుపడిన మార్కెట్ ఇది. 1993లో సారాయి నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చిన నాటి నుంచి నల్లబెల్లం మీద అనుమానపు చూపు పడింది. సారా బట్టీలకు సరుకు చేరవేసేవారు లేరని కాదు. కాని బెల్లం అమ్మడం తనంతట తాను నేరం కాదు, బట్టీతో సంబంధం చూపవలసిన బాధ్యత పట్టుకున్నవారిది. వాన కాలంలో పట్టుబడిన బెల్లం గోదాములో చెమ్మ పట్టి నీరుకారిన తర్వాత ఆ సంబంధం రుజువయిందా లేదా అన్న చర్చకు విలువేమున్నది?

ఇటువంటి సందర్భాలకు నిత్యావసర వస్తువుల చట్టంలోనే మార్గం ఉన్నది. త్వరగా పాడయ్యే సరుకును వెంటనే వేలం వేయించమని కలెక్టరును కోరవచ్చు. కేసు కొట్టివేస్తే ఆ సొమ్ము సొంతదారుకు చెందుతుంది. అప్పీలులో గెలిచి సరుకు తిరిగి ఇవ్వలేని పరిస్థితి వస్తే, ధరతో పాటు తగిన వడ్డీ కూడా ఇవ్వాలని 6-సి రెండవ ఉపవిభాగంలో ఉన్నది. జప్తు జరిగిన మర్నాడే వేలం కోరుతూ దరఖాస్తు పెట్టుకునే వర్తకులు ఎందరు? పైరవీకి పెట్టే పరుగులో పావు వంతు ఈ దరఖాస్తుకు పెడితే చాలు.

రైతు పక్షం మాట

అధికారుల వాదనలో కూడా బలమున్నది. విచారణ పేరిట కాలయాపన జరిగితే తూకంలో మోసపోయిన రైతుకు, కల్తీ విత్తనం కొని పొలం పాడుచేసుకున్న రైతుకు దిక్కెవరు? పోచారం కింద, నిజాంసాగర్ కింద సాగు చేసే చిన్న కమతందారు అప్పీలు అంటే ఏమిటో ఎరుగడు. అతనికి తెలిసినది డబ్బు చేతికి వచ్చిందా లేదా అన్నదే. రైతు సొమ్ము ఎగవేసి రాత్రికి రాత్రి మాయమైన కొనుగోలుదారులు ఏ మార్కెట్‌లోనూ లేకపోలేదు. అటువంటివారి విషయంలో నోటీసు ఇచ్చి వారం రోజులు కూర్చుంటే పక్షి ఎగిరిపోతుంది.

ఈ వాదనను కాదనలేము. అందుకే తాత్కాలిక సస్పెన్షనును వ్యతిరేకించడం లేదు. ముందు ఆపి తర్వాత వినవచ్చు, కాని తర్వాత తప్పక వినాలి, గడువులోగా వినాలి. నిజానికి సరైన విచారణ రైతుకూ మేలే. రైతు ఫిర్యాదును, తక్‌పట్టీని, కాంటా చీటీని రికార్డులో చేర్చి, కారణాలతో రాసిన ఉత్తర్వు పై కోర్టులో నిలుస్తుంది. రెండు ముక్కల ఉత్తర్వు మొదటి రిట్టులోనే కొట్టుకుపోతుంది. అప్పుడు నిజంగా మోసం చేసినవాడు కూడా గెలిచినవాడిలా గంజ్‌లో తిరుగుతాడు. అడ్డదారిన వేసిన శిక్ష దొంగకే లాభిస్తుంది.

పై అధికారి ఎటూ వింటాడు గదా, కింద వినకపోతే ఏమన్న మాట కూడా కొందరంటారు. మొదట వినని లోపాన్ని అప్పీలు పూడ్చలేదని 1986లో చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థకు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పీలు తేలేవరకు పేరు చెడనే చెడుతుంది. పేరు మీద నడిచే వర్తకానికి ఇంతకంటె వేరే నష్టం అక్కరలేదు.

ఈ ప్రశ్నకు ప్రాధాన్యం ఇకముందు తగ్గదు, పెరుగుతుంది. 2023 జన్ విశ్వాస్ చట్టం 42 కేంద్ర చట్టాలలోని 183 నిబంధనలను సవరించింది. చాలా చోట్ల జైలు శిక్షల స్థానంలో జరిమానాలు వచ్చాయి. జైలు భయం తగ్గడం మంచిదే. అయితే మేజిస్ట్రేటు ఎదుట జరగవలసిన విచారణ అనేక సందర్భాలలో కార్యాలయంలో అధికారి ఎదుటికి మారింది. అక్కడ వకీలు ఉండకపోవచ్చు, సాక్షులు ఉండకపోవచ్చు. కనుక అధికారి వినే తీరు కోర్టు వినే తీరుకు దగ్గరగా ఉండాలి.

వర్తకుల వంతు

ఇక మనలో మనం చెప్పుకోవలసిన మాట. తప్పంతా కార్యాలయాలదే కాదు. 2023 జూన్‌లో కంది, మినుము నిల్వలపై కేంద్రం పరిమితి విధించి, నిల్వలను పోర్టల్‌లో తెలుపమన్నప్పుడు ఆ సంగతి తనిఖీ వచ్చేవరకు పట్టించుకోనివారు ఉన్నారు. స్టాకు రిజిస్టరు పది రోజులకొకసారి ఒకేసారి రాసేవారు, ధరల బోర్డును గోడకు తిప్పి పెట్టేవారు ఉన్నారు. జి.ఎస్.టి. నోటీసు పోర్టల్‌లో పడి ఉంటే, అకౌంటెంటు చూస్తాడులే అని వదిలి, బ్యాంకు ఖాతా ఆగిన తర్వాత మేల్కొన్నవారూ ఉన్నారు. వినండి అని అడిగేవాడు చెప్పడానికి సిద్ధంగా ఉండాలి. ఖాతా పుస్తకమే మొదటి సాక్షి.

తనిఖీ జరిగినప్పుడు పంచనామా ప్రతి అడిగి తీసుకోవాలి. చదవకుండా సంతకం పెట్టరాదు, అభ్యంతరముంటే సంతకం పక్కనే రాయాలి. నోటీసు అందిన తేదీని దాని మీదనే వేసుకోవాలి, కవరు పారవేయరాదు. ఆరోపణకు ఆధారమైన ఫిర్యాదు, తనిఖీ నివేదిక ప్రతులు రాసి కోరాలి. జవాబు లిఖితంగా ఇచ్చి రసీదు పొందాలి, స్వయంగా వినమని అందులోనే అడగాలి. అప్పీలు వేసినంత మాత్రాన ఉత్తర్వు ఆగదు గనుక స్టే కోసం వేరుగా దరఖాస్తు పెట్టాలి. ఇవేవీ వకీళ్లకు మాత్రమే తెలిసిన రహస్యాలు కావు. ఏ గుమాస్తా అయినా చేయగల పనులు.

కోరవలసినది ఇదే

కామారెడ్డి, ఎల్లారెడ్డి వర్తక సంఘాలు జిల్లా యంత్రాంగం ముందు నాలుగు కోర్కెలు ఉంచవచ్చు. ప్రతి శిక్షా ఉత్తర్వు కింద అప్పీలు ఏ అధికారికి, ఎన్ని రోజులలో చేసుకోవాలో ఒక వాక్యం తప్పనిసరిగా ముద్రించాలి. ఇందుకు కొత్త చట్టం అక్కరలేదు, ఒక రబ్బరు స్టాంపు చాలు. నోటీసు తెలుగులో ఉండాలి. ఎరువుల లైసెన్సుకు ఉన్న 15 రోజుల నియమాన్ని మార్కెట్ లైసెన్సుల సస్పెన్షనుకు కూడా వర్తింపజేయాలి, ఇందుకు రాష్ట్ర ప్రభుత్వం పూనుకోవాలి. ఎల్లారెడ్డి వర్తకుల కేసులను నెలలో నిర్ణీత దినాన ఎల్లారెడ్డి డివిజను కేంద్రంలోనే వినాలి.

2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడకముందు కలెక్టరు ముందు చెప్పుకోవడానికి నిజామాబాదు పోవలసి వచ్చేది. ఎల్లారెడ్డి నుంచి తెల్లవారి బస్సెక్కితే, విచారణ వాయిదా పడితే, రోజు వ్యాపారం పోయి చేతిలో టిక్కెట్టు మిగిలేది. ఇప్పుడు కలెక్టరేటు కామారెడ్డికే వచ్చింది, 2022 జూన్‌లో జిల్లా కోర్టు కూడా వచ్చింది. కార్యాలయం దగ్గరయింది గాని, వినే అలవాటు ఇంకా దగ్గర కావలసి ఉన్నది.

గంజ్‌లో వేలం పాటకు ఒక న్యాయం ఉన్నది. సరుకు విప్పి చూపకుండా ధర కట్టరు, పాట ముగియకుండా సరుకు తూచరు. రైతు గోనె విప్పి గింజ చేతిలో వేసుకొని చూసిన తర్వాతే ఖరీదుదారు నోట మాట వస్తుంది. అధికారులు కూడా అంత పాటిస్తే చాలు. ఆరోపణ విప్పి చూపాలి, ఇరువైపులా విన్న తర్వాతే ఉత్తర్వు తూచాలి. ఆ తూకంలో తప్పు తేలినవారు జరిమానా కట్టవలసిందే. వారి పక్షాన ఈ పేజీ ఒక్క అక్షరం కూడా రాయదు.